బరువు తగ్గాక రొమ్ముల్లో వచ్చిన మార్పు: ఒక కేసు, అందులో తీసుకున్న నిర్ణయాలు

బరువు తగ్గిన స్త్రీ క్లినిక్‌కు వస్తే నడుము కొలుస్తాం, షుగర్ చూస్తాం, మోకాళ్లు ఎలా ఉన్నాయని అడుగుతాం. రొమ్ముల ప్రస్తావన చాలాచోట్ల రానే రాదు. డాక్టరుకు అది వైద్య సమస్యలా అనిపించదు, పేషెంటుకు నోరు తెరిచి చెప్పాలంటే మొహమాటం. కానీ ఇరవై కిలోలకు పైగా తగ్గినవారిలో రొమ్ముల సైజు, ఆకారం మారడం తరచూ చూసేదే. ఆ మార్పు గురించి ముందే చెప్పేవారు లేక, వచ్చాక అడిగేవారు లేక ఒకావిడ తాను కష్టపడి తగ్గించుకున్న బరువును తానే మళ్లీ పెంచుకున్నారు. అందుకే ఈ కేసు రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

వయసు 42. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఏడాది దాటేదాకా పాలిచ్చారు. సిగరెట్ అలవాటు లేదు. గర్భనిరోధక మాత్రలు గానీ హార్మోన్ మందులు గానీ వాడటం లేదు. నెలసరి క్రమంగానే వస్తోంది. ఎత్తు 160 సెంటీమీటర్లు. ఒకప్పుడు బరువు 92 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే లెక్క) దాదాపు 36. ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ, అని తెలిశాక ఒక డైటీషియన్ సలహాతో తిండి సరిచేసుకుని, రోజూ నడిచి, 15 నెలల్లో 68 కిలోలకు వచ్చారు. షుగర్ మామూలు స్థాయికి దిగింది. మోకాళ్ల నొప్పి పోయింది. పెద్ద రొమ్ముల బరువుకు ఏళ్ల తరబడి వేధించిన మెడ, భుజాల నొప్పి కూడా బాగా తగ్గింది.

నా దగ్గరికి వచ్చేసరికి బరువు 72. మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగారు. పంపిన డాక్టరు రాసిన కారణం ఒక్కటే: తగ్గిన బరువు తిరిగి పెరుగుతోంది, చూడగలరు.

ఏ బాధతో వచ్చారు

బరువు పెరగడానికి సాధారణంగా ఉండే కారణాలన్నీ అడిగాను. నిద్ర సరిపోతోంది. థైరాయిడ్ రిపోర్టు బాగుంది. కొత్త మందులేమీ లేవు. ఏం తింటున్నారో రాసిన పుస్తకం శుభ్రంగా ఉంది, మరీ శుభ్రంగా ఉంది. అది చూసినప్పుడే చెప్పని విషయం ఏదో ఉందనిపించింది, కానీ గుచ్చి అడగలేదు. అలా అడిగితే పేషెంటు నిజం చెప్పదు, మర్యాదగా తలూపి వెళ్లిపోతుంది.

వెళ్లేముందు ఆమె, "భుజాల నొప్పి మళ్లీ మొదలైంది మేడమ్" అన్నారు. ఆ మాట దగ్గర ఆగాను. రొమ్ముల బరువు తగ్గడంతో పోయిన నొప్పి, రొమ్ములు చిన్నవయ్యాక తిరిగి ఎందుకొచ్చింది? నాలుగు కిలోలు పెరిగినంత మాత్రాన రావలసిన నొప్పి కాదు. పరీక్ష చేస్తే రెండు భుజాల మీదా స్ట్రాపుల గాడులు ఎర్రగా ఉన్నాయి. వెనక బ్రా బ్యాండ్ వీపు మధ్యదాకా పైకి ఎక్కి ఉంది. నొప్పి కండరాలది, భుజం కీలులో తేడా లేదు.

"ఈ బ్రా ఎప్పటి నుంచి వేసుకుంటున్నారు?" అని అడిగాను. అప్పుడు చెప్పారు. "బరువు తగ్గాక కొన్నాను మేడమ్. ఏది వేసుకున్నా కుదరట్లేదు. పైన అంతా ఖాళీ అయిపోయింది, ఉన్నదంతా కిందికి దిగిపోయింది. ఎడమది మరీ. అద్దంలో చూసుకోవడం మానేశాను." కాసేపాగి మిగతాదీ చెప్పారు. "కాస్త బరువు పెరిగితే మళ్లీ నిండుతాయేమోనని నేనే తినడం మొదలుపెట్టాను."

దాంతో కేసు స్వరూపమే మారింది. పట్టుదల తగ్గి పెరిగిన బరువు కాదిది, ఒక సమస్యకు ఆమె సొంతంగా వెతుక్కున్న చికిత్స. కాబట్టి డైట్ చార్టు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ముందుగా ఒకవైపు మార్పు సంగతి

ఆమె దిగులు ఆకారం గురించి. నాకు వెంటనే పట్టుకున్నది "ఎడమది మరీ" అన్న మాట. బరువు తగ్గడం వల్ల వచ్చే మార్పు రెండువైపులా వస్తుంది. రెండు రొమ్ములూ అచ్చంగా సమానంగా ఉండటం అరుదు, కొవ్వు తగ్గాక ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపించడమూ ఉంది. అయినా ఒక రొమ్ము మాత్రమే చిన్నదవడం, పైకి లాగినట్టుండటం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, చర్మం మీద సొట్ట పడటం, నారింజ తొక్కలా గరుకుగా మందంగా అవడం, చనుమొన నుంచి రక్తం కలిసిన స్రావం రావడం, చంకలో గడ్డ తగలడం లాంటివి ఉంటే బరువు మీదికి నెట్టేయకూడదు. క్యాన్సర్ కాదని తేలాకే మిగతా ఆలోచన.

చేతులు కిందికి వదిలి, తర్వాత తలపైకి ఎత్తి, ఆ తర్వాత నడుము మీద నొక్కిపెట్టమని మూడు భంగిమల్లో చూశాను. సొట్టలు లేవు. చనుమొనల తీరు ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉంది. ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, ఒక గట్టి దిమ్మెలాంటిది తగిలింది. కదులుతోంది, అంచులు స్పష్టంగా లేవు. కుడివైపూ అలాంటిదే ఉంది, కాస్త చిన్నది. బహుశా పాల గ్రంథుల కణజాలమే. ఇదివరకు కొవ్వు మాటున ఉండి చేతికి తగలనిది ఇప్పుడు తగులుతోంది. కానీ బహుశాతో ఊరుకునే వయసు కాదు, చోటూ కాదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), ఆ భాగానికి అల్ట్రాసౌండ్ రాశాను.

40 ఏళ్లప్పుడు, బరువు 92 ఉన్నప్పుడు తీసిన మామోగ్రామ్ ఆమె దగ్గర ఉంది. దాన్ని వెంట తీసుకెళ్లమన్నాను. అది చాలా ఉపయోగపడింది. పాతదాంట్లో సాంద్రత బి కేటగిరీ, అంటే రొమ్ములో ఎక్కువ భాగం కొవ్వు, అక్కడక్కడా గ్రంథుల కణజాలం. కొత్తదాంట్లో సి కేటగిరీ, అంటే గ్రంథుల కణజాలం వాటా ఎక్కువ. కాగితం మీద చదివితే రెండేళ్లలో సాంద్రత పెరిగినట్టే ఉంటుంది. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టిన రేడియాలజిస్టు, గ్రంథుల భాగం పెరగలేదని, చుట్టూ ఉన్న కొవ్వు తగ్గడంతో దాని వాటా పెరిగిందని రాశారు. చేతికి తగిలింది మామూలు కణజాలమే. గడ్డ లేదు.

ఈ రిపోర్టు ఇంకో ప్రశ్నకూ జవాబిచ్చింది. ఆమె రొమ్ములు అంతగా ఎందుకు తగ్గాయి? మొదట్లో వాటిలో కొవ్వే ఎక్కువ కాబట్టి. రొమ్ములో కొవ్వు పాలు ఒక్కో స్త్రీలో ఒక్కోలా ఉంటుంది. కొవ్వు ఎక్కువున్నవారిలో బరువుతో పాటు రొమ్ములూ బాగా తగ్గుతాయి. గ్రంథుల కణజాలం ఎక్కువున్నవారిలో అంతగా తగ్గవు. ఇన్ని కిలోలకు ఇంత సైజు అని లెక్క చెప్పే సూత్రమేదీ లేదు. సాంద్రత చేత్తో తడిమితే తెలిసేది కాదు, మామోగ్రామ్‌లోనే తెలుస్తుంది.

ఏది మారింది?

రిపోర్టు చేతికొచ్చాక అసలు సమస్యకు వచ్చాం. "రొమ్ములు పాడైపోయాయి" అన్నది ఆమె మాట. అందులో మూడు వేర్వేరు మార్పులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా ఏ చికిత్స మొదలుపెట్టినా గుడ్డిగా చేసినట్టే.

మొదటిది పరిమాణం. కొవ్వు కణాలు చచ్చిపోవు, లోపలి నిల్వ ఖర్చయి కుదించుకుపోతాయి. రెండోది పైపొర. ఏళ్ల తరబడి సాగి ఉన్న చర్మం, దాంట్లో బిగువునిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు, లోపలి సరుకు తగ్గినంత వేగంగా, తగ్గినంత మేర వెనక్కి రావు. దూది తగ్గిన దిండుకు గలీబు వదులైనట్టు ఉంటుంది. రొమ్ము లోపల చర్మం నుంచి కండరం మీది పొరదాకా అల్లుకుని ఉండే సన్నని పీచు దారాలు కూడా సాగిపోతాయి. వాటిని వివరించిన సర్ ఆస్ట్లీ కూపర్ అనే బ్రిటిష్ సర్జన్ పేరుతోనే కూపర్ లిగమెంట్లు అంటాం, ఆయన పుస్తకం వచ్చింది 1840లో. మూడోది స్థానం. చనుమొన ఎక్కడుంది, రొమ్ము కింది మడత ఎక్కడుంది అన్నది.

స్థానానికి ఒక కొలమానం ఉంది. 1976లో పౌల్ రెన్యో అనే ప్లాస్టిక్ సర్జన్ చేసిన వర్గీకరణ ఇప్పటికీ వాడుతున్నాం. చనుమొన కింది మడతకు సమానంగా ఉంటే మొదటి దశ. మడత కన్నా కిందికి దిగినా, రొమ్ము అట్టడుగు అంచు కన్నా పైనే ఉంటే రెండో దశ. అట్టడుగున ఉండి నేలవైపు చూస్తుంటే మూడో దశ. చనుమొన సరైన చోటే ఉండి రొమ్ము కింది భాగం మాత్రం మడత దాటి వేలాడితే దాన్ని విడిగా లెక్కిస్తారు. ఈమెది రెండువైపులా రెండో దశ. గొంతు కింది గుంట నుంచి చనుమొన దాకా కుడివైపు 26 సెంటీమీటర్లు, ఎడమవైపు 27. ఆమెకు ఎడమది మరీ జారినట్టు కనిపించడానికి కారణం ఆ ఒక్క సెంటీమీటరు, ఎడమ రొమ్ములో తగ్గిన కొద్దిపాటి పరిమాణం.

కొలతలు నెలసరి అయిపోయిన వారంలో తీసుకున్నాం. నెలసరికి ముందు రోజుల్లో హార్మోన్ల ప్రభావంతో రొమ్ములు నీరు పట్టి ఉబ్బుతాయి. అప్పుడోసారి, ఇప్పుడోసారి కొలిస్తే పోల్చడానికి పనికిరావు.

"పిల్లలకు పాలివ్వడం వల్లే ఇలా అయిందా?" అని అడిగారు. ఆ అపరాధ భావం చాలామందిలో చూస్తాను, దాన్ని వెంటనే తీసేయాలి. రొమ్ములు జారడానికి దారితీసే కారణాల మీద జరిగిన పరిశోధనల్లో వయసు, గర్భం దాల్చిన సంఖ్య, అధిక బరువు, పెద్ద సైజు రొమ్ములు, పొగ తాగడం, భారీగా బరువు తగ్గడం లెక్కలోకి వచ్చాయి. పాలివ్వడం విడిగా ఒక కారణంగా నిలవలేదు. ఈ మాట విన్నాక ఆమె ముఖంలో వచ్చిన తేలిక నాకు కనిపించింది.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందే ఆమె చాలా ప్రయత్నించారు. బిగువు తెస్తుందన్న క్రీము రోజూ రాసి మర్దన చేశారు. చర్మం మెత్తబడింది, అంతకు మించి ఏమీ లేదు. పైన రాసే క్రీము లోపల సాగిన లిగమెంటును పొట్టి చేయలేదు. కొవ్వును తిరిగి నింపలేదు.

వీడియోలు చూసి ఛాతీ వ్యాయామాలు చేశారు. మోకాళ్ల మీద పుషప్‌లు మొదలుపెట్టి పూర్తి పుషప్‌ల దాకా వెళ్లారు. చేతుల్లో, ఛాతీలో బలం వచ్చింది, రొమ్ము లేవలేదు. రొమ్ములో కండరం లేదు. అది ఛాతీ కండరం మీద కూర్చుని ఉంటుంది. కింది కండరం కాస్త దళసరి అయితే పైభాగంలో కొద్దిగా నిండుదనం కనిపించవచ్చు. జారిన చర్మాన్ని ఏ కండరమూ పైకి లాగదు. కానీ ఆ వ్యాయామాలు మానొద్దని చెప్పాను. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండరమూ కరుగుతుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి అవి కావాలి. ఆశించే ఫలితం మాత్రం మారాలి.

ఇక బరువు పెంచుకోవడం. నాలుగు కిలోలు పెరిగితే నడుము 5 సెంటీమీటర్లు పెరిగింది. రొమ్ముల కొలతలో ఆమె గమనించింది అర అంగుళం. కొవ్వు ఎక్కడ చేరాలన్నది మన చేతుల్లో లేదు. జన్యువులు, హార్మోన్లు నిర్ణయిస్తాయి. మెనోపాజ్ దగ్గరపడే కొద్దీ పొట్ట దగ్గర చేరడం ఎక్కువవుతుంది. ఒకవేళ కొంత కొవ్వు రొమ్ముల్లో చేరినా, చేరేది ఇప్పటికే జారిన చర్మంలో, కింది భాగంలో. పైభాగం నిండదు. ఇది బొమ్మ గీసి చూపించాను. అది చూశాక మాత్రమే ఆమె ఆ ఆలోచన వదులుకున్నారు.

ఎగరడాలు, పరుగులున్న వ్యాయామాల కోసం రెండు బిగుతైన స్పోర్ట్స్ బ్రాలు ఒకదానిమీద ఒకటి వేసుకునేవారు. దాంతో రొమ్ము కింది మడతలో చెమట నిలిచి, చర్మం ఎర్రగా పచ్చిగా అయి, అంచుల చుట్టూ చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. ఫంగస్. దురదను ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫంగస్‌ను తగ్గించే క్లోట్రిమజోల్ పూత, స్నానం తర్వాత మడతను అద్ది పూర్తిగా ఆరబెట్టడం, తడిసిన బ్రా వెంటనే మార్చడం. ఆ సమస్య త్వరగానే సర్దుకుంది. అది తగ్గాకే కొత్త బ్రాల జోలికి వెళ్లాం.

బ్రా దగ్గర ఆగిన కథ

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే భుజాల నొప్పికి మూలం ఇక్కడే ఉంది, చాలామంది చేసే పొరపాటూ ఇక్కడే ఉంది.

బరువు ఎక్కువున్నప్పుడు ఆమె వాడింది 40డి. అప్పట్లో సరిగ్గానే సరిపోయేది. తగ్గాక "చిన్నవయ్యాయి కదా" అని 38బి కొన్నారు. ఒక సైజు బ్యాండ్, రెండు సైజుల కప్పు తగ్గించారన్నమాట. వినడానికి సబబుగానే ఉంది. కొలిస్తే రొమ్ముల కింద ఛాతీ చుట్టూ 34 అంగుళాలు. రొమ్ముల మీదుగా నిలబడి కొలిస్తే 37, ముందుకు వంగి కొలిస్తే 39. బిగువు తగ్గిన రొమ్ములను నిలబడి మాత్రమే కొలిస్తే తక్కువ వస్తుంది, అందుకే రెండూ తీసుకుని మధ్యలో 38 అనుకున్నాం. తేడా 4 అంగుళాలు. ఒక్కో అంగుళానికి ఒక్కో అక్షరం చొప్పున ఏ, బీ, సీ, డీ. ఆమె సైజు 34డి.

"డీనా? అప్పుడూ డీనే కదా మేడమ్, మరి చిన్నవయ్యాయంటే ఎలా?" అని ఆశ్చర్యపోయారు. కప్పు అక్షరం ఒంటరిగా ఏ పరిమాణాన్నీ చెప్పదు, బ్యాండ్ నంబరుతో కలిపి చదవాలి. బ్యాండ్ ఒక సైజు తగ్గినప్పుడు అదే కప్పు పరిమాణం ఉండాలంటే అక్షరం ఒకటి పెరగాలి. 34డి, 36సి, 38బి, 40ఏ కప్పుల్లో పట్టేది దాదాపు ఒకటే. అంటే ఆమె 40డి నుంచి 40ఏకు సమానమైన పరిమాణానికి వచ్చారు. మూడు కప్పుల తగ్గుదల అది, ఆమె బాధ ఊహ కాదు. ఆమె కొన్న 38బిలో కప్పు పరిమాణం నిజానికి సరిపోయింది కూడా. తప్పింది బ్యాండ్. 34 అంగుళాల ఒంటికి 38 బ్యాండ్ పట్టు ఇవ్వదు. రొమ్ముల బరువు మోయాల్సింది ప్రధానంగా బ్యాండ్. అది వదులైతే వెనక పైకి పోతుంది, ముందు కిందికి దిగుతుంది. ఆమె స్ట్రాపులు బిగించుకుంటూ పోయారు. మొత్తం బరువు భుజాల మీద పడింది. రొమ్ములు తేలికయ్యాక నొప్పి తిరిగి రావడానికి కారణం దొరికింది.

34డి తెప్పించాం. బ్యాండ్ చక్కగా కూర్చుంది, చివరి వదులు హుక్ దగ్గరే పట్టు దొరికింది. బ్యాండ్ సాగే కొద్దీ లోపలి హుక్కులు పనికొస్తాయి కాబట్టి కొత్తది ఎప్పుడూ బయటి హుక్ దగ్గరే సరిపోవాలి. కానీ కప్పు పైభాగంలో ఖాళీ మిగిలింది. ఆమె ముఖం మళ్లీ వాడిపోయింది. "చూశారా, డీ నాకు పెద్దదే."

కప్పు తగ్గించి 34సి వేసి చూశాం, నేను చెప్పడం కన్నా ఆమె చూడటం మేలని. పైన ఖాళీ అలాగే ఉంది, పైగా చంక వైపు కండ బయటికి వచ్చింది, వైరు రొమ్ము మీద ఎక్కి కూర్చుంది. కాబట్టి సైజు తప్పు కాదు, ఆకృతి తప్పు. ముందే అచ్చు పోసినట్టుండే నిండు కప్పు, పైభాగం నిండుగా ఉన్న రొమ్ముకు కుదురుతుంది. బరువు తగ్గాక ముందుగా ఖాళీ అయ్యేది పైభాగమే. ముక్కలుగా కుట్టిన, పై అంచు ఎత్తు తక్కువున్న కప్పు అదే 34డిలో తెప్పిస్తే ఖాళీ పోయింది. వేసుకునే పద్ధతి కూడా నేర్పాం: ముందుకు వంగి హుక్ పెట్టుకోవడం, చంక వైపు జారిన భాగాన్ని అరచేత్తో కప్పులోకి తెచ్చుకోవడం, ఆ తర్వాతే నిటారుగా నిలబడి స్ట్రాపులు సరిచేసుకోవడం. స్ట్రాపు కింద రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి.

వ్యాయామానికి, రెండు రొమ్ములనూ కలిపి అదిమేసే రకం బదులు, ఒక్కోదాన్ని విడివిడిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా ఒకటి. పరుగులో రొమ్ము పైకీ కిందికీ మాత్రమే కదలదు, పక్కలకూ ముందుకూ కూడా కదులుతుంది. ఊరికే అదిమితే ఆ కదలిక పూర్తిగా ఆగదు. చెమట మాత్రం నిలుస్తుంది.

భుజాల నొప్పి కొన్ని వారాల్లో తగ్గింది. వీపు పైభాగానికి కూడా వ్యాయామాలు కలిపాం. ఎవరూ చూడకూడదని ముందుకు వంగి నడవడం ఆమెకు అలవాటైపోయింది, ఆ వంపు నొప్పిని పెంచేది, జారుడునూ ఎక్కువ చేసి చూపేది. బ్రా చర్మాన్ని బిగించదు, విప్పాక రొమ్ము ఎప్పటిలాగే ఉంటుంది. ఈ మాట మొదటే చెప్పాను. దుస్తుల్లో ఆకారం, నొప్పి లేకపోవడం, ధైర్యంగా నడవడం వరకే దాని పని.

బరువు నిలబెట్టడం

పెరిగిన నాలుగు కిలోలను త్వరగా దించేయాలని ఆమె తొందరపడ్డారు. వద్దన్నాను. అప్పుడు ఆమెకు కావాల్సింది ఇంకా తగ్గడం కాదు, ఒకచోట నిలబడటం. బరువు పెరిగి తగ్గి, మళ్లీ పెరిగి తగ్గితే చర్మం ప్రతిసారీ సాగుతుంది. సర్జరీ గురించి ఆలోచించినా స్థిరమైన బరువు లేకుండా అది కుదరదు. 69, 70 మధ్య ఉండాలని లక్ష్యం పెట్టుకున్నాం. ప్రతి భోజనంలో తగినంత ప్రొటీన్, వారంలో రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం. ఆ బరువు దగ్గర షుగర్ అదుపులోనే ఉంది కాబట్టి కాగితం మీది ఆదర్శ బరువు కోసం పట్టుబట్టలేదు.

బరువు తగ్గడం వల్ల ఆమెకు దక్కినదాన్ని కూడా మాట్లాడుకున్నాం. మెనోపాజ్ తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్‌కు అధిక కొవ్వు ఒక ముప్పు కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించిన సమీక్షలో కూడా అది ఉంది. ఇది చెప్పింది ఆమె బాధను చిన్నది చేయడానికి కాదు. ఆరోగ్యం దక్కిందన్న సంతోషం, ఒంటి రూపం మారిందన్న బాధ ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చు. డిప్రెషన్, తిండికి సంబంధించిన రుగ్మత ఉన్నాయేమోనని ప్రశ్నావళితో చూశాను, లేవు. భర్తతో దూరంగా ఉంటున్న సంగతి చెప్పారు. ఆయన ఏనాడూ ఏమీ అనలేదట, ఈమే దీపం ఆర్పేస్తున్నారట. కౌన్సెలర్‌తో మాట్లాడటానికి ఒప్పుకున్నారు, అది మేలు చేసింది.

సర్జరీ ప్రస్తావన

ఆరు నెలలు బరువు కదలకుండా ఉన్నాక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపాను. అంతకుముందే పంపమని ఆమె అడిగారు. బరువు ఇంకా మారుతుండగా చేసిన సర్జరీ ఫలితం నిలవదు, అందుకే ఆగమన్నాను. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారైతే ఇంకా ఎక్కువ కాలం, సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర, ఆగాల్సి ఉంటుంది.

వెళ్లేముందు ఏం అడగాలో ఇద్దరం కలిసి రాసుకున్నాం. ఇందులో ఆ మూడు మార్పుల లెక్కే అక్కరకొచ్చింది. మాస్టోపెక్సీ, అంటే రొమ్మును పైకెత్తే సర్జరీ, అదనపు చర్మాన్ని తీసి చనుమొనను పైకి జరుపుతుంది. పైపొర, స్థానం సరవుతాయి, పరిమాణం పెరగదు. పరిమాణం కావాలంటే ఇంప్లాంట్ పెట్టాలి లేదా ఒంట్లో మరోచోట నుంచి తీసిన కొవ్వు ఎక్కించాలి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు, మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు, సాగిన చర్మంలో దాని బరువుకు మళ్లీ జారొచ్చు. ఎక్కించిన కొవ్వులో కొంత ఒంట్లో కలిసిపోతుంది. మచ్చల సంగతి సరేసరి. రెండో దశ జారుడుకు చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, కొందరిలో మడత వెంబడి కూడా కోత పడుతుంది. చనుమొన స్పర్శ మారొచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారైతే పాలివ్వడానికి ఇబ్బంది రావొచ్చు, పైగా మరో గర్భం ఆ ఫలితాన్ని చెరిపేయొచ్చు.

ఆమె ఇంప్లాంట్ వద్దనుకున్నారు. మాస్టోపెక్సీ ఫొటోలు చూసి, ఆ మచ్చలతో ఉండగలనా అని ఆలోచించి, ప్రస్తుతానికి చేయించుకోనన్నారు. వేరొకరు ఇదే సమాచారంతో చేయించుకుంటానని అనొచ్చు, అదీ సరైన నిర్ణయమే అవుతుంది. ఆమె చివరగా కనిపించినప్పుడు బరువు 69. చనుమొనల కొలతలు మారలేదు, మారతాయని అనుకోనూ లేదు. నొప్పి లేదు, చర్మం బాగుంది. తిండి పుస్తకంలో కొట్టివేతలు, నిజాలు కనిపించాయి.

ఈ కేసు నుంచి తోటి వైద్యులకు

బరువు తగ్గే ప్రణాళిక మొదలుపెట్టే రోజే రొమ్ముల మార్పు గురించి ఒక్క మాట చెప్పాలి. చిన్నవవుతాయి, ముందు పైభాగం ఖాళీ అవుతుంది, చర్మం పూర్తిగా బిగుసుకోకపోవచ్చు అని. అది విని బరువు తగ్గడం మానుకుంటారన్న భయం ఉంటుంది. కానీ ముందే విన్నవారు అది జరిగినప్పుడు ప్రశ్నతో వస్తారు, వినని వారు సిగ్గుతో దాచుకుంటారు. నడుముతో పాటు రొమ్ముల కింద, రొమ్ముల మీదుగా కొలతలు కూడా మొదట్లోనే రాసి పెట్టుకోవడం మంచిది. ప్రతి ఐదారు కిలోలకు బ్యాండ్ సరిచూసుకోమనాలి, ఖరీదైనవి కొనడం బరువు నిలిచేదాకా ఆగమనాలి.

బాగా సాగుతున్న బరువు గ్రాఫు ఉన్నట్టుండి తిరగబడితే, డైట్ గురించి అడిగే ముందు, "ఒంట్లో ఏ మార్పు మీకు నచ్చట్లేదు?" అని అడిగి చూడండి. రొమ్ములే కానక్కర్లేదు, ముఖం పీలగా అవడం, పొట్ట చర్మం వేలాడటం, జుట్టు రాలడం ఏదైనా కావొచ్చు.

ప్రయత్నించకుండానే బరువు తగ్గుతూ రొమ్ములు చిన్నవవుతున్నాయంటే దారి వేరు. అక్కడ బరువు ఎందుకు తగ్గుతోందన్నదే మొదటి ప్రశ్న. కోరి తగ్గినవారిలో కూడా నెలసరి ఆగిపోతే తిండి మరీ తక్కువైందేమో చూడాలి.

మామోగ్రామ్ విషయం మళ్లీ చెప్పడం అవసరం. బరువు బాగా తగ్గాక తీయించుకునే మొదటి మామోగ్రామ్‌కు పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లాలి, ఎన్ని కిలోలు తగ్గారో, ఎంత కాలంలో తగ్గారో రిక్వెస్టు ఫారంలోనే రాయాలి. చేతికి కొత్తగా ఏదైనా తగిలి ఉంటే ఏ రొమ్ములో, ఏ భాగంలో అన్నది కూడా అదే ఫారంలో ఉండాలి.